గడ్డకట్టిన నదిపై బడిబాట
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)

 

పట్ఠే బాపూరావ్ మార్గమని పేరు మారినను మన నోట నేటికిని ఫాక్‌లాండ్ రోడ్డుగానే నిలిచిన ఈ వీథిలో, చాళ్ళలో కాపురముండు మనకు చలి యనగా డిసెంబరు తెల్లవారుజామున కప్పుకొను ఒక దుప్పటి మాత్రమే. ఆ దుప్పటి పేరుతోనే పిలువబడు ఒక దారి మన దేశమున నున్నది. దానిపేరు చాదర్. లడఖ్‌లోని జన్‌స్కార్ నది చలికాలమున గడ్డకట్టగా ఏర్పడు మంచుబాట అది. ఆ బాటను గూర్చి, దానిపై నడిచి చదువునకు పోయిన బిడ్డలను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

పెన్నానది కొండలను చీల్చుకొని పారు గండికోట గండిని మీలో కొందరు చూచియుందురు. జన్‌స్కార్ గండి అంతకంటె మిక్కిలి పొడవైనది. పెన్సీ లా కనుమ చెంతనున్న ద్రంగ్ ద్రుంగ్ హిమానీనదమునుండి పుట్టిన స్తోద్ నదియు, త్సరప్ నదియు పదుమ్ అను ఊరివద్ద కలిసి జన్‌స్కార్ నదియగును. అది నిట్టనిలువు కొండలనడుమ దిగివచ్చి నిమ్ము అను గ్రామమువద్ద సింధునదిలో కలియును.

ఇచ్చట ఒక వింత గలదు. వేసవిలో హిమానీనదములు కరిగి నది ఉప్పొంగును. గండిలో కాలుమోప చోటుండదు. శీతకాలమున పైని కనుమలు మంచుతో మూసికొనిపోవును. అయితే అదే సమయమున కరుగుట ఆగి నదిలో నీరు తగ్గును, చలి సున్నకు దిగువన ఇరువది, ముప్పది డిగ్రీలకు పడిపోవును, నీటిపై మంచుపలక యేర్పడును. తక్కిన దారులను మూసిన చలియే ఈ దారిని తెరచును. జనవరి, ఫిబ్రవరి నెలలలో జన్‌స్కార్ ప్రజలు ఈ మంచుపై దిగువకు నడిచి లేహ్ పట్టణమునకు పోవువారు. వెన్న అమ్ముకొనుటకు పోవువారు కొందరు. బిడ్డలను బడిలో చేర్చుటకు పోవువారు కొందరు. సుమారు నూరు కిలోమీటర్ల నడక. దినముల తరబడి ప్రయాణము. రాత్రులు కొండగుహలలో చితుకుల మంటచెంత నిద్ర.

ఆ మంచు అంతటను ఒక్కతీరుగ నుండదు. నీరు నెమ్మదిగా పారుచోట దళముగాను, వడిగా పారుచోట పలుచగాను ఉండును. కొన్నిచోట్ల నడుమ నీరు గడ్డకట్టక పారుచునే యుండును. కావున పెద్దవాడు ముందు నడచి కఱ్ఱతో మంచును తట్టి శబ్దము వినును. గట్టి మంచు పలుకు వేరు, బోలు మంచు పలుకు వేరు. పాదము పూర్తిగా ఎత్తక జార్చుచు నడుతురు. మంచు విరిగినచోట గోడవంటి కొండనంటి ఎగబ్రాకుదురు, లేదా మరల గట్టిపడువరకు గుహలో వేచియుందురు. నేడు వేడుకకై పోవు యాత్రికులు సైతము లేహ్‌లో కొన్ని దినములు ఆగి, వైద్యపరీక్ష చేయించుకొనిన పిదపనే కదలవలెను. తొందర అచ్చట ప్రాణాంతకము.

ఇంతటి శ్రమకోర్చి బడికి చేరిన లడఖ్ బిడ్డలకు బడిలోపల మరియొక గండి యుండెడిది. ఇంటి భాష లడఖీ. క్రింది తరగతులు ఉర్దూలో. తొమ్మిదవ తరగతి రాగానే అంతయు ఇంగ్లీషులో. పదవ తరగతి పరీక్షలో అత్యధికులు తప్పుచుండిరి. తప్పు బిడ్డల బుద్ధిలో లేదు, బోధనలో నున్నదని గ్రహించిన లడఖ్ యువకులు 1988లో సెక్‌మోల్ అను సంస్థను స్థాపించి పాఠశాలల సంస్కరణకు పూనుకొనిరి. ఇది మన కథ కాదా? తెలుగులో అక్షరములు దిద్ది, పై తరగతులలో మరియొక మాధ్యమమునకు మారు మన బిడ్డకు ఆ మలుపులోనే మంచు పలుచన. అక్కడనే చదువు మానువారు అధికము.

మన తెలుగుబిడ్డలకు మంచు కొత్త గనుక చేతకాదనువారికి ఒక్క సమాధానము గలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. వారు భువనగిరి గుట్టపై రాతి నెక్కుట నేర్చి, డార్జిలింగులోను, లడఖ్ చలిలోను శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమెను మొదట శిఖరముమీదికి పంపలేదు. మొదట గుట్టమీదికి పంపిరి.

కష్టమును పూజింపుమని నేను చెప్పుటలేదు. నిమ్ము, పదుమ్, దార్చాలను కలుపు 298 కిలోమీటర్ల మార్గము 2024 మార్చిలో అనుసంధానమైనది. మంచుమీద బిడ్డను నడిపింపనక్కరలేని దినము వచ్చుట ఆ తల్లిదండ్రులకు పండుగయే. మన పూర్వులు ఈ నగరపు కట్టడములకు రాళ్ళు మోసిరి. కామాఠీపురా అను పేరే కామాఠీల శ్రమకు సాక్ష్యము. వారు ఇతరులకు దారులు వేసిరి. మన బిడ్డలకు దారి వేయుట మన పని. ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు సదుపాయము కల్పింపవలెనని 1956లో మన రాజ్యాంగమున 350ఏ అధికరణము చేర్చబడినది. సదుపాయము ప్రభుత్వము కల్పింపవచ్చును. బిడ్డ చేయిపట్టి నడపవలసినది మనమే.

కావున మూడు మనవులు. ఒకటి, మాధ్యమము మారు సంవత్సరమున బిడ్డను ఒంటరిగా విడువకుడు. నెలకొకమారైనను బడికి వచ్చి మాతో మాటలాడుడు. రెండు, ఇంటి తెలుగును మానకుడు; రెండవ భాష నేర్చుటకు మొదటి భాషయే చేతికఱ్ఱ. మూడు, కుట్టుపని నేర్చినదని, ఇంటిపని కావలెనని ఆడబిడ్డను పదవ తరగతికి ముందు మాన్పింపకుడు.

జన్‌స్కార్ తండ్రి బిడ్డను మోసికొనిపోలేదు. అట్లని మంచుమీదికి త్రోసి యూరకుండలేదు. ముందు నడచి, తట్టి చూచి, ఇటు రమ్మనెను. మనము చేయవలసినదియు అంతియే.

సెలవు.