రేపు మన చేతిలో లేదు, అమానతు మన చేతిలో ఉంది

సర్వ స్తోత్రాలూ సకల లోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్!

సోదర విశ్వాసులారా! మస్జిదు మెట్ల మీద, నికాహ్ విందులలో, ఆసుపత్రి వరండాలలో నేడు తరచుగా వినబడే మాట ఒకటే: “రేపు ఏమవుతుందో తెలియదు.” ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియదు. దుకాణం నడుస్తుందో లేదో తెలియదు. గల్ఫ్‌లో ఉన్న కుమారుని వీసా పొడిగిస్తారో లేదో తెలియదు. 2020 మార్చిలో దేశమంతటా ఒక్క రాత్రిలో తలుపులు మూతపడటం చూసినవాళ్ళం మనం. కనుక ఈ భయం ఉత్త భ్రమ అని నేను అనను. అయితే ఇది కొత్త విషయం కాదు. ఏ ప్రాణీ రేపు తానేమి సంపాదించనున్నదో ఎరుగదనీ, ఏ నేలపై మరణించనున్నదో ఎరుగదనీ సూరె లుఖ్మాన్ చివరి ఆయతులో అల్లాహ్ స్పష్టం చేశాడు. రేపటి జ్ఞానం మనకు ఇవ్వబడలేదు. ఇవ్వని దానిని గురించి ఆయన మనల్ని లెక్క అడుగడు. ఇచ్చిన దానిని గురించి మాత్రం తప్పక అడుగుతాడు.

నీవు జీవితంలో వేటికి విలువ ఇస్తావని ఎవరినైనా అడిగి చూడండి. సత్యం, న్యాయం, దయ, ధర్మం అంటూ ఒక పెద్ద పట్టిక చెబుతారు. పట్టిక చెప్పడానికి ఖర్చు ఏమీ లేదు. వాటిలో దేనిని నష్టం వచ్చినా అమ్ముకోనని ముందే నిశ్చయించుకున్నావు అన్నదే అసలు ప్రశ్న. ఈ రోజు నేను ఒక్కదానినే తీసుకుంటాను. అది అమానతు.

అరబీలో ఈమాన్, అమ్న్, అమానత్ అనే మూడు పదాలు ఒకే ధాతువు నుండి పుట్టాయి. విశ్వాసం, భద్రత, అప్పగింత: ఈ మూడింటి వేరు ఒక్కటే. మన తెలుగు నేలపై పాత వర్తకుల లెక్క పుస్తకాలలో ‘అనామతు ఖాతా’ అని ఉండేది. ఆ అనామతు కూడా ఈ అమానతే. అక్షరాలు తారుమారై మన భాషలో స్థిరపడింది. ముస్లిమేతర వర్తకుడు సైతం పరుల సొమ్మును వేరుగా వ్రాసుకోవడానికి మన మాటనే వాడుకున్నాడు. ఆ మాట మన ఇళ్ళలో ఎంత మిగిలి ఉన్నదో మనమే చూసుకోవాలి.

హిజ్రత్ రాత్రిని జ్ఞాపకం చేసుకోండి. అది క్రీ.శ. 622వ సంవత్సరం. మక్కాలోని దారున్నద్వాలో ఖురైష్ నాయకులు సమావేశమై, ప్రతి తెగ నుండి ఒక యువకుడు బయలుదేరి, అందరూ ఒకేసారి దైవప్రవక్త (సఅసం)పై దాడి చేయాలని తీర్మానించారు. హత్యానేరం అన్ని తెగలకూ పంచబడితే బనూ హాషిం వారు ప్రతీకారం తీర్చుకోలేరని వారి లెక్క. అప్పటికే ఎందరో విశ్వాసులు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి మదీనాకు తరలిపోయారు. వారి వెనుక మిగిలిన ఆస్తులు శత్రువుల పాలయ్యాయి. అనిశ్చితి అంటే అది!

ఆ రాత్రి ప్రవక్త ఇంట్లో మక్కా వాసులు దాచుకున్న వస్తువులు ఉన్నాయి. ఆయన సందేశాన్ని తిరస్కరించినవారే, తమ సొమ్ముకు భయం కలిగినప్పుడు ఆయన ఇంటినే నమ్ముకున్నారు. ఆయనను అమీన్ అని పిలిచిన ఊరు అది. ఆ స్థితిలో మనలో ఎవరైనా ఉంటే మనసు ఏమి చెప్పేది? “వీరు మనవాళ్ళ ఆస్తులు లాక్కున్నారు, ఇది వాటికి పరిహారం” అని చెప్పేది కాదా? వాదన వినడానికి చక్కగానే ఉంటుంది. ఆయన ఆ వాదన జోలికి పోలేదు. తన పడకపై హజ్రత్ అలీ (రజి)ని పడుకోమన్నారు. ఎవరి వస్తువును వారికి అప్పగించిన తరువాతనే బయలుదేరమని ఆదేశించారు. హజ్రత్ అలీ (రజి) మూడు రోజులు మక్కాలో ఆగి, అందరి అమానతులూ చెల్లించి, ఆ తరువాత ఖుబాలో ప్రవక్తను చేరుకున్నారు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. మక్కా జయించబడింది. కాబా తాళపుచెవి ఉస్మాన్ బిన్ తల్హా వద్ద నుండి తీసుకోబడింది. ఆ గౌరవం తమకు దక్కాలని ప్రవక్త కుటుంబం నుండే కోరిక వెలువడింది. అడ్డు చెప్పగలవారు ఎవరూ లేరు. ప్రవక్త (సఅసం) ఉస్మాన్‌ను పిలిపించి తాళపుచెవిని తిరిగి ఆయన చేతిలోనే పెట్టారు. అమానతులను హక్కుదారులకు అప్పగించమని ఆదేశించే సూరె నిసాలోని ఆయతు ఈ సందర్భానికి చెందినదని ముఫస్సిర్లు వ్రాశారు. నేటికీ ఆ తాళపుచెవి బనూ షైబా వంశీకుల వద్దనే ఉన్నది. ప్రాణభయంలో ఉన్న రాత్రి ఏ నియమమో, విజయం లభించిన పగలు కూడా అదే నియమం.

ఇక మన ఊరికి వద్దాం. మన పట్టణాలలో తరచుగా ఎదురయ్యే ఒక సంగతి చెబుతాను. అన్న దుబాయిలో పని చేస్తూ, స్థలం కొనమని తమ్మునికి నెల నెలా డబ్బు పంపుతాడు. వ్యాపారం దెబ్బతిన్న తమ్ముడు ఆ డబ్బును దుకాణంలో పెడతాడు. “మౌల్వీ సాబ్, దుకాణం కోలుకోగానే ఇచ్చేస్తాను, నా నియ్యత్ మంచిదే కదా?” అని అడుగుతాడు. నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: “అన్నకు ఫోన్ చేసి అనుమతి తీసుకున్నావా?” సాధారణంగా అక్కడ మౌనం ఏర్పడుతుంది.

ఫిఖ్‌హ్‌లో మసలా స్పష్టంగా ఉంది. అమానతు సొమ్ము కాపాడేవాని అశ్రద్ధ లేకుండా నశిస్తే అతనిపై బాధ్యత లేదు. అనుమతి లేకుండా వాడుకున్న క్షణం నుండి అతడు జామిన్, అనగా చెల్లించవలసినవాడు అవుతాడు; దుకాణం లేచినా, మునిగినా సరే. అన్నకు ఫోన్ చేసి నిజం చెప్పడం కష్టమే. అన్న కోపగించవచ్చు, వదిన నాలుగు మాటలు అనవచ్చు. అయినా అన్న ఉద్యోగం పోయి విమానం దిగిన రోజు చెప్పడం కంటే, ఈ రోజు చెప్పడం ఎంతో తేలిక.

ఇదే వరుసలో మరొకటి చెప్పక తప్పదు. తండ్రి మరణించగానే అక్కచెల్లెళ్ళను రిజిస్ట్రారు కార్యాలయానికి పిలిపించి, ఒక చీర, ఒక భోజనం పెట్టి, హక్కు విడుదల పత్రంపై సంతకం చేయించుకుంటున్నాము. “పుట్టిల్లు చెడుతుంది” అనే భయంతో చేసిన సంతకం ఇష్టపూర్వకమైన సంతకమేనా? వారసత్వ భాగాలను అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. ఆడపడుచు వాటా ఆమె అడిగితే ఇచ్చే దానం కాదు, మన దగ్గర ఉన్న ఆమె అమానతు. కాలం బాగా లేదని జకాత్‌ను వాయిదా వేసేవారు కూడా దీనిని ఆలోచించాలి.

నోటితో అనుకున్నది మరచిపోతాము. అందుకే ధర్మం వ్రాసుకోమని చెబుతుంది. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయతు నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అప్పును వ్రాసుకోవడం గురించి. అది సూరె బఖరాలో ఉన్నది. వీలునామాలో వ్రాయవలసింది ఏదైనా ఉన్న ముస్లిం, అది వ్రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని ప్రవక్త (సఅసం) బోధించారు. ఆ మాట విన్న నాటి నుండి తన వీలునామా దగ్గర లేకుండా ఒక్క రాత్రి కూడా గడపలేదని హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది.

కనుక సోదరులారా, ఈ రోజు ఇషా నమాజుకు ముందు ఒక కాగితం తీసుకోండి. మీ వద్ద ఉన్న పరుల సొమ్ము వ్రాయండి: చిట్టీ డబ్బు, వదినగారి బంగారం, పనివాని ఆగిన కూలి, చెల్లించని మహర్, అక్క వాటా, మస్జిదు రసీదు పుస్తకం. ప్రతిదాని ఎదుట హక్కుదారు పేరు, ఇచ్చే తేదీ వ్రాయండి. కాగితం ఎక్కడ ఉన్నదో ఇంట్లో ఒకరికి చెప్పండి. భార్యకు చెబితే మరీ మంచిది. ఆమెకు చాలా మట్టుకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

ఓ అల్లాహ్! పరుల హక్కు మా మెడపై ఉండగా మమ్మల్ని మరణింపజేయకు. చెల్లించే శక్తిని ప్రసాదించు. శక్తి లేనివారికి హక్కుదారుని ఎదుటికి వెళ్ళి నిజం చెప్పే ధైర్యాన్ని ప్రసాదించు. ఆమీన్.