గేటు బయటి గౌరవం



అమెరికా సైన్యంలో నల్లవాళ్ళకి సమాన అవకాశం ఇవ్వాలని 1948లోనే ఆదేశం వచ్చింది. కానీ ఆ రోజుల్లో క్యాంపు గేటు దాటితే చాలాచోట్ల వాళ్ళకి హోటల్లో తిండి పెట్టేవాళ్ళు కాదు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కాదు.

1963 జులైలో రక్షణ మంత్రి మెక్‌నమారా, అలాంటి చోట్లకి సైనికులెవరూ పోకుండా నిషేధించే అధికారం కమాండర్లకిచ్చాడు. అయితే ముందే పైవాళ్ళ అనుమతి తీసుకోవాలి. దాంతో ఆ అధికారం ఏళ్ళపాటు దాదాపు కాగితం మీదే ఉండిపోయింది.

1967లో మేరీల్యాండ్‌లోని ఆండ్రూస్ వైమానిక స్థావరం దగ్గర నిజంగా అమలు చేశారు. నల్లవాళ్ళకి ఇల్లివ్వని యజమాని దగ్గర తెల్ల సైనికుడు కూడా కొత్తగా అద్దెకి దిగకూడదు! అద్దె పోతుందనేసరికి చాలా తలుపులు తెరుచుకున్నాయి.

మనకీ 1/70 చట్టం ఉంది. మీ ఊళ్ళో అది ఎవరి దగ్గర ఆగిపోయిందో అడగండి. ఒక్కరు కాదు, ఊరంతా కలిసి వెళ్ళి అడగండి.