ఇల్లు కట్టే చేతుల పక్కన ఇల్లు గీసే చెయ్యి
(సంఘం వార్షికోత్సవంలో మిడిల్ స్కూలు విద్యార్థుల కార్యక్రమం సందర్భంగా విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసల్లో కూర్చున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలూ, ఈ నాలుగు మాటలూ మీకోసమే. పెద్దలు కూడా వింటామంటే మాకు అభ్యంతరం లేదు.

ప్రతి ఏటా మన సభలో పిల్లల్ని పెద్దయ్యాక ఏమవుతారని అడుగుతాం. డాక్టరు, ఇంజనీరు, కలెక్టరు అంటారు. ఈమధ్య సాఫ్ట్‌వేరు కూడా చేరింది. ఆర్కిటెక్టు అవుతానన్న పిల్లవాణ్ణి మేము ఇంతవరకు చూడలేదు. ఇది కొంచెం వింతే. ఎందుకంటే మన పేటల్లో మేస్త్రీలు, వడ్రంగులు, సెంట్రింగు పనివాళ్లు, రంగులవాళ్లు, టైల్సు పరిచేవాళ్లు లేని వీధి లేదు. ఇటుక పేర్చే పని మన ఇళ్లలో తాతల నుంచి ఉంది. ఆ ఇటుక ఎక్కడ పెట్టాలో కాగితం మీద గీసే పని మాత్రం మన గుమ్మంలోకి రాలేదు.

ఆర్కిటెక్టు అంటే పెద్ద పెద్ద భవనాలకు అందమైన బొమ్మలు గీసేవాడని చాలామంది అనుకుంటారు. అసలు పని అంతకన్నా చిన్నది, అంతకన్నా కష్టమైనది. మన ఇళ్లనే తీసుకోండి. అరవై గజాల జాగా, అంటే 540 చదరపు అడుగులు. పద్ధెనిమిది అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు అనుకుందాం. ఇటుపక్క వాళ్ల గోడ, అటుపక్క వాళ్ల గోడ, వెనక ఇంకొకరి గోడ. వెలుతురు వచ్చేది ఒక్క ముందువైపు నుంచే. జాగా వృథా పోకూడదని మొత్తం కప్పేస్తాం. అందుచేత నడి గదిలో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి, వంటగదిలో అమ్మ పొగలో దగ్గుతూ ఉండాలి. ఇంటి మధ్యలో ఒక మంచం పట్టేంత చోటు పైదాకా ఖాళీగా వదిలితే వెలుతురూ వస్తుంది, వేడిగాలి పైకి పోయే దారీ ఏర్పడుతుంది. మన ప్రాంతపు మండువా లోగిళ్లు చేసినది ఇదే. ఇంటి నడుమ ఆకాశం, చుట్టూ గదులు. పాత హవేలీల్లో సెహన్ కూడా అదే పని చేసేది. జాగా తగ్గిపోయినప్పుడు ఆ కిటుకును అరవై గజాల్లో ఇమడ్చడం ఎలాగ అని ఆలోచించేవాడే ఆర్కిటెక్టు.

ఇప్పుడు లెక్క చూడండి పిల్లలూ. కింది అంతస్తు నేల నుంచి పై అంతస్తు నేలకు పది అడుగులు అనుకోండి, అంటే 120 అంగుళాలు. ఒక్కో మెట్టు సుమారు ఏడు అంగుళాల ఎత్తు ఉంటే నానీజాన్ కూడా ఎక్కగలదు. కాబట్టి పదిహేడు మెట్లు. చివరి అడుగు పై నేల మీదే పడుతుంది గనుక కాలు పెట్టే పలకలు పదహారు. ఒక్కొక్కటి పది అంగుళాలైతే మొత్తం పదమూడు అడుగుల నాలుగు అంగుళాలు. పద్ధెనిమిది అడుగుల ఇంట్లో అడ్డంగా తిన్నగా మెట్లు కడితే ఇక మనుషులు తిరిగేదెక్కడ? మధ్యలో మలుపు తిప్పాలి. తిప్పితే పైన తల తగలకుండా చూసుకోవాలి. ఇదంతా మీ ఏడో తరగతి లెక్కే. మెట్లకు చోటు చాలక మెట్టు ఎత్తు పెంచేసిన ఇళ్లు మన వీధుల్లో ఎన్ని ఉన్నాయో, వాటి మీద జారిపడ్డవాళ్లు ఎందరో పెద్దలకు తెలుసు.

మేస్త్రీకి, ఇంజనీరుకి, ఆర్కిటెక్టుకి తేడా ఏమిటని కూడా అడుగుతుంటారు. గది ఎక్కడుండాలి, గాలి ఎటు రావాలి, మనిషి ఎలా మసలాలి అన్నది ఆర్కిటెక్టు ఆలోచిస్తాడు. అది పడిపోకుండా నిలబడాలంటే ఎంత ఇనుము, ఎంత సిమెంటు అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కకడతాడు. మేస్త్రీ దాన్ని నిజం చేస్తాడు. ముగ్గురిలో ఎవరూ తక్కువ కాదు. అమెరికాలో షికాగో నగరంలో 110 అంతస్తుల సియర్స్ టవర్ 1973లో నిర్మాణం పూర్తయింది, ఇప్పుడు దాని పేరు విల్లిస్ టవర్. దాని ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం, ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. తొమ్మిది చదరపు గొట్టాలను కట్టెలమోపులాగా ఒక్కటిగా కట్టి నిలబెడితే ఒకదానికొకటి ఆసరాగా ఉండి గాలికి తట్టుకుంటాయని ఖాన్ యోచన. కట్టెలమోపు మనం రోజూ చూసేదే గదా!

మన దగ్గరికి వస్తే, 1591లో చార్మినార్ కట్టినప్పుడు దాని నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు తెరిచి, అక్కడి నుంచి నాలుగు బాటలు సాగేలా కొత్త ఊరు వేశారు. ఆ ఊరి పథకంలో మీర్ మోమిన్ అస్త్రాబాదీ పేరు చెబుతారు. అంటే మొదట ఊరు ఎలా నడవాలో ఆలోచించి తర్వాత మినార్లు లేపారన్నమాట. ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టదలచినప్పుడు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని ముందుగా విదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. ఆ తర్వాత బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్‌ను ఆర్కిటెక్టుగా పెట్టుకున్నారు. 1939లో ఆర్ట్స్ కాలేజీ ప్రారంభమైంది. గీయడానికి ముందు చూడటం ఉందని ఇక్కడ గమనించాలి. స్వతంత్ర భారతంలో హబీబ్ రహమాన్ ప్రభుత్వ ఆర్కిటెక్టుగా ఢిల్లీలో రవీంద్ర భవన్ కట్టారు. మౌలానా ఆజాద్ మజార్, మన హైదరాబాదులో పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుసేన్ గారి మజార్ కూడా ఆయన గీసినవే.

ఆడపిల్లల తల్లిదండ్రులతో ప్రత్యేకంగా ఒక మాట. ఇది మగవాళ్ల పని అని ఎవరైనా అంటే జహా హదీద్ పేరు చెప్పండి. 1950లో బాగ్దాదులో పుట్టి, బీరూట్‌లో గణితం చదివి, లండన్‌లో ఆర్కిటెక్చరు నేర్చుకుంది. ఏళ్ల తరబడి ఆమె బొమ్మలు కాగితం మీదే ఉండిపోయాయి, ఇవి కట్టడం కుదరదన్నారు. 2004లో ఈ వృత్తిలో అతి పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే. పాకిస్తాన్‌లో మొదటి మహిళా ఆర్కిటెక్టు యాస్మీన్ లారీ పెద్ద కంపెనీల భవనాలు కట్టి, తర్వాత 2005 భూకంపం మొదలుకొని ఇల్లు పోయినవాళ్ల కోసం వెదురు, మట్టి, సున్నంతో కట్టే ఇళ్ల మీద పడింది. బ్రిటన్ వాళ్ల రాయల్ గోల్డ్ మెడల్ 2023లో ఆమెకిచ్చారు. మా మటుకు మాకు ఈ రెండో ఆవిడ పనే ఎక్కువ నచ్చుతుంది.

ఇక అసలు సంగతి. ఈ మాట పదో తరగతి వాళ్లకు గాక మీకెందుకు చెబుతున్నామంటే, అప్పటికి చాలామంది లెక్కలకు భయపడి దూరమైపోతున్నారు. ఐదేళ్ల బీ.ఆర్క్ కోర్సుకు గణితం తప్పనిసరి. ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకోవాలి, లేదా గణితం ఉన్న మూడేళ్ల డిప్లొమా చేయాలి. బైపీసీలోనో, సి.ఇ.సి.లోనో చేరిన తర్వాత బొమ్మలు ఎంత బాగా గీసినా ఈ తలుపు తెరుచుకోదు. ఆపైన నాటా అనే పరీక్షగాని, జె.ఇ.ఇ. మెయిన్‌లో ఆర్కిటెక్చరు పేపరుగాని రాయాలి. రెండింటిలోనూ బొమ్మ గీయించి చూస్తారు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం రెండూ 2008లో ఏర్పడ్డాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఈ చదువుంది. చదువు పూర్తిచేసి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకుంటేగాని ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టుకోరాదు. 1972 నాటి చట్టం అది.

డబ్బు విషయం దాచిపెట్టం. ఐదేళ్లంటే ఇంజనీరింగు కన్నా ఒక ఏడాది ఎక్కువ. బయటికి వచ్చాక మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే ఉంటుంది, ఎవరి దగ్గరో పని నేర్చుకోవాలి. తొందరగా ఇంటికి సంపాదన కావాలనుకునే కుటుంబం ఇది ముందే తెలుసుకుని నిర్ణయించుకోవాలి. కాని సైటు మీద పుట్టి పెరిగిన పిల్లవాడికి ఒక లాభముంది. స్లాబు వేసేటప్పుడు వాన వస్తే ఏం చేస్తారో, తలుపు చట్రం ఎప్పుడు నిలబెడతారో అతను కళ్లారా చూసి ఉంటాడు. కాలేజీలో చాలామందికి అది పుస్తకంలో తప్ప తెలియదు.

పిల్లలకు మేము ఒక పని పెడుతున్నాం. సంఘం ఆఫీసులో టేపులు, గళ్ల కాగితాలు ఉంచాము. టేపు తీసుకెళ్లి మీ ఇల్లు కొలవండి. ఒక గడి ఒక అడుగు అనుకుని గోడలు, తలుపులు, కిటికీలు గీయండి. పొద్దున ఎండ ఎటు పడుతుందో గుర్తు పెట్టండి. అర్థం కాకపోతే మీ అబ్బాజాన్నో చాచాజాన్నో అడగండి, ప్లాను చదవడం వాళ్లకు బాగా వచ్చు. తర్వాత ఇంకో కాగితం మీద, అదే జాగాలో ఇంటిని మీరైతే ఎలా కడతారో గీయండి. అమ్మను మాత్రం తప్పకుండా అడగండి, వంటగది సంగతి ఆమెకే తెలుసు. వచ్చిన బొమ్మలన్నీ ఆఫీసు గోడకు అంటిస్తాం. టేపు రెండో కొస పట్టడానికి మనిషి కావాలి గనుక తమ్ముణ్ణో చెల్లెల్నో తోడు తీసుకోండి.