కుక్కల చర్మవ్యాధులు: కారణములు, లక్షణములు

(తిరుత్తణి తెలుగువారి వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను, వర్తకుడను. అయినను తిరుత్తణి, తిరువళ్ళూరులలో మన కుటుంబములవారు పలువురు కుక్కలను పెంచుచున్నారు గావున, పశువైద్యుల నడిగియు గ్రంథములు చూచియు తెలిసికొన్న సంగతులను మీ ముందుంచుచున్నాను.

కుక్క వెండ్రుకలు రాలినచో మనకు తోచు మాట యొక్కటే: గజ్జి. తమిళమున 'సొరి' యందురు. ఆ మాట పడినంతనే దానికి వాకిలి మూతపడును. కాని ఆ యొక్క మాట క్రింద పెక్కు వ్యాధులు దాగియున్నవి. అందు అంటునవి కొన్ని, అంటనివి కొన్ని.

నిజమైన గజ్జికి కారణము సార్కోప్టిస్ అను కంటి కానని పురుగు. ఆడపురుగు చర్మమును తొలిచి లోపల గ్రుడ్లు పెట్టును. చెవి అంచులు, ముందుకాళ్ళ మోచేతులు, వెనుకకాళ్ళ మడమలు, పొట్ట మొదట చెడును. దురద దుర్భరము. చెవి అంచును వ్రేళ్ళ నడుమ రుద్దినచో తరచు వెనుకకాలు తనంత తానే గోకుటకు లేచును. వైద్యులు చూచు గుర్తులలో ఇది యొకటి. ఇది తోటి కుక్కలకు శీఘ్రముగ అంటును. కుక్క నెత్తుకొన్న పిల్లల చేతులపై, పొట్టపై ఎఱ్ఱని పొక్కులు లేవవచ్చును. అయితే ఆ పురుగు మనుష్య దేహమున వంశవృద్ధి చేసికొనలేదు. కుక్కకు నయమైనచో సాధారణముగ మనకును తగ్గును.

డెమోడెక్స్ సంగతి వేఱు. ఆరోగ్యముగ నున్న కుక్కల రోమకూపములలో సైతము ఈ పురుగు కొద్దిగ నుండును. పుట్టిన కొలది దినములలో, పాలు త్రాగునపుడు, తల్లినుండి కూనకు వచ్చును. రోగనిరోధక శక్తి సన్నగిల్లినపుడు విజృంభించును. కండ్ల చుట్టు, మూతి చుట్టు, ముందుకాళ్ళపై వెండ్రుకలు రాలును. చీము పట్టనంత వఱకు దురద అంతగా నుండదు. కూనలలో ఒకటి రెండు చోట్ల మాత్రమే యున్నచో తరచు దానంతటదే మానును. ఇది మనుష్యులకు అంటదు. ఇట్టి నిరపరాధిని, చూచుటకు వికారముగ నున్నదని వీధిలోనికి తఱుముట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

తామర శిలీంధ్రము వలన కలుగును. తమిళమునను దానిని 'పడర్ తామరై' యందురు. గుండ్రని మచ్చ, పొలుసులు, విఱిగిన వెండ్రుకలు దాని గుర్తులు. కుక్క అంతగా గోకుకొనకపోవచ్చును గాని, పిల్లలకు సులభముగ అంటును.

తోక మొదట, నడుముపై గోకుకొని కొఱుకుకొనుచున్నచో గంతులు వేయు చిన్న నల్లపురుగులను అనుమానింపవలెను. కొన్ని కుక్కలకు వాటి ఉమ్మి సరిపడదు. దువ్వగా రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లగుడ్డపై వేయుడు. ఎఱ్ఱబాఱినచో అది పురుగు త్రాగి విసర్జించిన రక్తమే! దురద లేక రెండు ప్రక్కల సమముగ వెండ్రుకలు రాలుచు, కుక్క లావగుచున్నచో థైరాయిడ్ లోపము కావచ్చును.

ఇక వైద్యము. కొందఱు వాడిన ఇంజను నూనెను తెచ్చి పూయుచున్నారు. దయచేసి అది మానుడు. అది చర్మమును మండించును. కుక్క దానిని నాకును, విషము కడుపులోనికి పోవును. పురుగుల వ్యాధులకు నేడు మంచి మాత్రలు కలవు, కాని బరువును బట్టి వైద్యుడు చెప్పినంతయే ఈయవలెను.

పట్టణపు పశువైద్యశాలలో తేలని రోగమైనచో, 1903లో స్థాపితమైన వేపేరి మద్రాసు పశువైద్య కళాశాల మనకు రైలు ప్రయాణపు దూరముననే యున్నది. అచట చర్మమును గీచి సూక్ష్మదర్శినిలో చూతురు. వైద్యునితో 'సొరి' యని ఊరకొనవలదు. ఎచట మొదలైనది, దురద ముందా వెండ్రుకలు రాలుట ముందా, కుక్క వయస్సెంత, ఇంటిలో మఱెవ్వరికైన దురద గలదా యను నాలుగు సంగతులు చెప్పుడు. వెళ్ళుటకు ముందు పసుపు, నూనె ఏమియు పూయవలదు. అవి లక్షణములను కప్పివేయును.