వాగ్దానాలతో పాటు ఆజ్ఞలనూ చదువుదాం



బైబిలు చదవాలని మీకు చెప్పనివారు లేరు. సండే స్కూల్ టీచరు చెప్పారు, పాస్టరు గారు చెప్పారు, ఇంట్లో అమ్మమ్మ చెప్పింది. అందుకని నేను కూడా "చదవండి" అని మాత్రం చెప్పి కూర్చోను. ప్రతిరోజూ, వరుసగా ఎందుకు చదవాలో, అలా చదివితే మన బ్రతుకులో ఏమి మారాలో మాట్లాడుకుందాం.

గోడమీద క్యాలెండరులో ఒక వచనం ఉంటుంది. కొత్త సంవత్సరం ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డులో ఒకటి. తెల్లవారేసరికి వాట్సాప్‌లో ఇంకో నాలుగు. ఇవన్నీ మంచివే. కష్టకాలంలో ఒక్క వచనమే మనిషిని నిలబెట్టిన సందర్భాలు మనందరికీ తెలుసు. అయితే ఒక్కసారి ఆలోచించండి. మీ వాగ్దాన కార్డులో ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 15వ వచనం ఎప్పుడైనా వచ్చిందా? కూలివాని కూలి ఆ రోజే, పొద్దు గుంకకముందే చేతికివ్వమని అక్కడ దేవుడు ఆజ్ఞాపించాడు. ఇవ్వకపోతే అతని మొర తనకు వినబడుతుందని, అది ఇవ్వనివాని మీద పాపమవుతుందని చెప్పాడు. అలాంటి కార్డు ఎవరూ అచ్చువేయరు.

ఏరుకుని చదివితే మనకు నచ్చినవే దొరుకుతాయి. వరుసగా చదివితే మనల్ని ఆపి ప్రశ్నించే మాటలు కూడా ఎదురవుతాయి. క్రమమైన పఠనంలో ఉన్న మొదటి మేలు అదే.

నెహెమ్యా గ్రంథం తీసుకోండి. యెరూషలేము గోడ కట్టిన సంగతి మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. కాని ఆ గోడ పని మధ్యలో 5వ అధ్యాయం ఉంది. తిండిగింజల కోసం, రాజుకు కట్టే పన్ను కోసం పేదలు పొలాలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. పిల్లలను దాసులుగా అప్పగించారు. అప్పిచ్చినవారు పరాయివారు కాదు, సొంత సహోదరులే. నెహెమ్యా అది విని కోపగించి, పెద్దలను సభలో నిలదీశాడు. పొలాలు, ఇళ్లు, తీసుకున్న వడ్డీ తిరిగి ఇప్పించాడు. ఆ తరువాతే 8వ అధ్యాయంలో ఎజ్రా ఉదయం నుండి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు జనానికి అర్థం చెప్పారు. అది విని ప్రజలు ఏడ్చారు. ఏడవవద్దు, వెళ్లి భోజనం చేయండి, ఏమీ లేనివారికి కూడా వంతు పంపండి అని వారికి చెప్పారు. ఆనాటి వాక్య పఠనం పొరుగువాని కంచం వరకు వెళ్లింది. మన పఠనం ఎంతవరకు వెళుతోంది?

ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో రాజుకు ఒక నియమం ఉంది. అతడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని, బ్రతికినన్నాళ్లూ చదవాలి. ఎందుకు? దేవునికి భయపడటం నేర్చుకోవడానికి, తన సహోదరులకంటే తాను గొప్పవాడినని గర్వించకుండా ఉండటానికి. ఈ రెండో కారణాన్ని మనం గట్టిగా పట్టుకోవాలి. రోజూ బైబిలు చదువుతూనే పెళ్లి సంబంధం దగ్గర ముందుగా కులం అడుగుతున్నామంటే, వాక్యం ఇంకా మన గుండెలోకి దిగలేదన్నమాట. యాకోబు పత్రిక 2వ అధ్యాయం సంఘంలో ధనవంతునికి మంచి చోటు చూపించి, బీదవాణ్ణి నిలబెట్టడం తప్పని సూటిగా చెబుతుంది. 5వ అధ్యాయం పొలం కోసినవారికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందని చెబుతుంది.

మన ప్రభువు కూడా విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లడం వాడుక చేసుకున్నాడని లూకా 4వ అధ్యాయంలో ఉంది. నజరేతులో ఆయన చేతికి యెషయా గ్రంథం ఇచ్చారు. బీదలకు సువార్త, చెరలో ఉన్నవారికి విడుదల అనే చోటు తీసి చదివి, ఆ లేఖనం నేడు నెరవేరిందని చెప్పాడు.

మన కుటుంబాలలో చాలామంది పెద్దలు పొట్ట చేతపట్టుకుని వచ్చినవారే. కోలారు బంగారు గనులకు వచ్చారు, షోలాపూరు, ముంబయి మిల్లులకు వెళ్లారు. ఈ రోజు మన వీధిలో అపార్టుమెంటు కడుతున్న వలస కూలీ మరో భాష మాట్లాడతాడు. ఐగుప్తులో మీరు పరదేశులుగా ఉన్న సంగతి గుర్తుంచుకుని, మీ మధ్య ఉన్న పరదేశిని మీలాగే ప్రేమించండి అనే ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉంది. ఆ ఆజ్ఞ మనకంటే బాగా ఇంకెవరికి అర్థం కావాలి?

"నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు" అని కొందరు యౌవనస్థులు అంటారు. సిగ్గుపడనక్కరలేదు. బడిలో నేర్చుకున్న కన్నడలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదవండి. ఇంట్లో అమ్మ తెలుగులో బిగ్గరగా చదువుతుంటే మీరు మీ లిపిలో అనుసరించండి. అలా తెలుగు అక్షరాలూ వస్తాయి. చదువు రాని నాయనమ్మ పక్కన కూర్చుని వింటుంది. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయంలో చదివేవానికీ, విని గైకొనేవారికీ ధన్యత ఉంది. బైబిలును తెలుగులోకి తేవడానికి బెంజమిన్ షుల్జ్ 1720లలో శ్రమించింది కూడా తెలుగు దేశంలో కాదు, మద్రాసులో. కాబట్టి ఊరు దూరమైనా తెలుగు వాక్యం మనకు దూరం కాదు.

బైబిలులో 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు ఉన్నాయి. ఆ లెక్క చూసి భయపడకండి. రోజుకొక అధ్యాయంతో మొదలుపెట్టండి. లూకా 24, యాకోబు 5, ఆమోసు 9, మొత్తం 38 రోజులు. ఒక రోజు తప్పిపోతే మరునాడు అక్కడి నుండే చదవండి. ఒంటరిగా సాగకపోతే ముగ్గురు నలుగురు కలిసి చదవండి.

చదివిన తరువాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ దేవుడు ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడు? ఈ మాట చదివినప్పుడు నాకు ఎవరు గుర్తుకు వచ్చారు? ఈ రోజు పొద్దు గుంకేలోపు నేను చేయగలిగినది ఏమిటి? ఆ జవాబు చిన్నదే కావచ్చు. మన ఇంట్లో పనిచేసే అక్కకు జీతం ఆలస్యం చేయకుండా ఇవ్వడం. ఆమె సెలవు తీసుకున్న రోజుకు డబ్బు కోయకపోవడం. పారిశుద్ధ్య కార్మికుణ్ణి "నువ్వు" అనకుండా "మీరు" అని పలకరించడం.

పఠనం మనకు పుణ్యం తెచ్చిపెట్టే లెక్క కాదు. లేఖనాలను పరిశోధిస్తూనే తన దగ్గరకు రానివారిని యేసు ప్రభువు గద్దించాడని యోహాను సువార్త 5వ అధ్యాయంలో చూస్తాం. అధ్యాయాలు లెక్కపెట్టుకోవడానికి కాదు, ఆయన మాట విని లోబడటానికి చదువుదాం. రేపు ఉదయం లూకా మొదటి అధ్యాయం తెరవండి. బలవంతులను సింహాసనాల మీద నుండి దించి దీనులను లేవనెత్తే దేవుణ్ణి మరియ స్తుతించడం అక్కడే మీకు వినబడుతుంది.

దేవుడు తన వాక్యాన్ని వినే చెవులను, లోబడే హృదయాన్ని మనకు దయచేయును గాక. ఆమేన్.