తుంటి నొప్పి, దుర్బీన్ ఆపరేషన్: సంతకానికి ముందు తెలుసుకోవలసినవి
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా చదువు గురించి, క్రమశిక్షణ గురించి పెద్దలు మాట్లాడతారు. నేను తుంటి కీలు గురించి మాట్లాడతాను. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాని మా చాల్‌లో ఎవరికి ఆస్పత్రి కాగితం వచ్చినా, ఇంగ్లీషులో ఏముందో చదివి చెప్పమని నా దగ్గరకు తెచ్చేవారు. అలా చదువుతూ, డాక్టర్లను అడుగుతూ కొంత తెలుసుకున్నాను. ఇకమీద ఆ కాగితాలు చదవవలసినవారు మీరు. అందుకే ఈ విషయం ఎన్నుకున్నాను.

ఏడు దీవులను కలిపి ఈ నగరాన్ని కట్టిన రోజుల్లో నిజాం రాజ్యం నుంచి రాళ్ళ పనికి, మట్టి పనికి వచ్చిన మన కామాటీల పేరు మీదనే కామాటిపురా వెలసింది. ఆ తర్వాత మన నేతపనివారు మిల్లులకు వచ్చారు. బరువు మోసినా, రోజంతా నిలబడినా, గొంతుక్కూర్చుని పనిచేసినా భారం పడేది తుంటి మీదే. ఎవరైనా కుంటుతుంటే “పని చేసి చేసి అలా అయింది, అదే తగ్గుతుంది” అనడం మనకు అలవాటైపోయింది.

తుంటి కీలు అంటే గిన్నెలో అమర్చిన బంతి. తొడ ఎముక పైకొన బంతి. కటి ఎముకలోని గుంట గిన్నె. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. గిన్నె అంచు చుట్టూ రబ్బరు వాషరు లాంటి పట్టీ ఉంటుంది. దాన్ని లేబ్రమ్ అంటారు. ఈ కీలు చెడితే నొప్పి ఎక్కువగా గజ్జలో వస్తుంది. ఒక్కోసారి మోకాలిలో మాత్రమే తెలుస్తుంది. మా చాల్‌లో ఒక కుర్రాడికి ఏడాదిపాటు మోకాలికి తైలం రాశారు. మోకాలి ఎక్స్‌రేలో ఏ దోషమూ లేదు. జబ్బు ఉన్నది తుంటిలో!

ఇక ఆపరేషన్ సంగతి. కీలును పెద్దగా కోసి తెరవకుండా, చిన్న రంధ్రాల గుండా కెమెరా గొట్టాన్ని, సన్నని పనిముట్లను పంపి చేసే చికిత్స ఇది. డాక్టర్లు ఆర్థ్రోస్కోపీ అంటారు. మన ముంబైలో అందరూ దుర్బీన్ ఆపరేషన్ అంటారు. మోకాలికి ఇది త్వరగా వాడుకలోకి వచ్చింది గాని తుంటి లొంగలేదు. బంతి గిన్నెలో లోతుగా దిగి ఉంటుంది, పైన మందమైన కండరాలు ఉంటాయి. 1931లో న్యూయార్క్ డాక్టరు మైకేల్ బర్మన్ మృతదేహాల మీద ప్రయత్నించి, బంతికీ గిన్నెకూ మధ్యకు సూదిని పంపడం అసాధ్యమని రాశారు. 1939లో జపాన్ వైద్యుడు కెంజి తకాగి రోగుల తుంటి లోపల చూసి వివరాలు ప్రకటించారు. వారిలో క్షయ సోకిన తుంటి కూడా ఉంది. ఇప్పుడు మత్తు ఇచ్చి, ప్రత్యేకమైన బల్ల మీద కాలిని లాగి, బంతిని గిన్నె నుంచి సుమారు ఒక సెంటీమీటరు ఎడం చేసి లోపలికి వెళతారు.

దీనితో ఏమి చేస్తారు? చిరిగిన లేబ్రమ్‌ను కుడతారు. కీలులో తిరుగుతున్న ముక్కలను తీస్తారు. బంతి మెడ దగ్గరో గిన్నె అంచునో ఎముక ఎక్కువగా ఉండి, వంగినప్పుడు ఒరుసుకుంటుంటే దాన్ని చెక్కుతారు. ఈ ఒరిపిడి సమస్య గురించి స్విట్జర్లాండ్ వైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో వివరంగా రాసిన తర్వాతే ఈ ఆపరేషన్లు బాగా పెరిగాయి. చీము పట్టిన కీలును కడగడానికి, క్షయ అనుమానం ఉంటే పరీక్షకు చిన్న ముక్క తీయడానికి కూడా పనికొస్తుంది. తుంటి క్షయ అని తేలితే అసలు వైద్యం మందులే. ఏడాది, ఒక్కోసారి అంతకు మించి వాడాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ మందులు ఉచితం.

దీనితో కానివి కూడా చెప్పాలి. మృదులాస్థి అరిగిపోయి ఎక్స్‌రేలో ఎముకల మధ్య ఖాళీ రెండు మిల్లీమీటర్లకు తగ్గితే ఈ ఆపరేషన్ వల్ల ఫలితం తక్కువ. చాలామందికి చివరకు కీలు మార్పిడే అవసరమవుతుంది. రక్తం అందక బంతి ఎముక చచ్చిపోయే జబ్బు ఇంకొకటి. స్టెరాయిడ్ మందులు, అతిగా తాగుడు దీనికి ముఖ్య కారణాలు. 2021లో కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడిన కొందరిలో ఇది కనిపించిందని ముంబై డాక్టర్లే ప్రకటించారు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు, ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. బంతి అణిగిపోకముందే వెళితే దాన్ని నిలబెట్టే అవకాశం ఉంటుంది. అణిగిపోయాక దుర్బీన్ దాన్ని తిరిగి గుండ్రంగా చేయలేదు.

లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి ఒక లెక్క చెబుతాను. ఎముక ఒరిపిడి ఉన్న 348 మందిని బ్రిటన్‌లోని 23 ఆస్పత్రుల్లో పరిశీలించి, ఫలితాలను 2018లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. దాదాపు సగం మందికి ఆపరేషన్, మిగిలినవారికి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం. ఏడాది తర్వాత రెండు వర్గాలూ బాగుపడ్డాయి. ఆపరేషన్ చేయించుకున్నవారికి నూటికి సుమారు 7 మార్కులు ఎక్కువ వచ్చాయి. ఖర్చూ ఎక్కువే అయింది. అంటే ఆపరేషన్ మంచిదే, వ్యాయామమూ ఊరికే పోదు. లెడ్జరులో జమ, ఖర్చు రెండూ చూడాలి.

అందుచేత ఇంట్లో ఎవరికైనా డాక్టరు ఈ ఆపరేషన్ చెబితే, సంతకానికి ముందు ఇవి అడగండి. జబ్బు పేరేమిటి, ఏ పరీక్షలో కనిపించింది? మృదులాస్థి ఎంత మిగిలింది? లోపల ఏమి చేస్తారు? ముందు కొన్ని నెలలు వ్యాయామం చేసి చూడవచ్చా? తుంటికి ఈ ఆపరేషన్ మీరు తరచుగా చేస్తారా? ఎన్నాళ్ళు చంకకర్రలతో నడవాలి, ఎన్నాళ్ళు పని మానాలి? రంధ్రం చిన్నదే గాని కోలుకోవడానికి నెలలు పడుతుంది. దినకూలి మీద బతికే ఇంటికి ఈ ప్రశ్న ఆపరేషన్ బిల్లుతో సమానం.

డబ్బు గురించి కూడా చెబుతాను. మనకు దగ్గరలోనే నాయర్ ఆస్పత్రి, జె.జె. ఆస్పత్రి ఉన్నాయి. ముందు అక్కడి ఎముకల విభాగంలో చూపించండి. 2012లో వేరే పేరుతో మొదలై, 2017 నుంచి మహాత్మా జ్యోతిరావ్ ఫూలే పేరుతో నడుస్తున్న రాష్ట్ర ఆరోగ్య పథకంలోకి మీ ఆపరేషన్ వస్తుందో లేదో ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. ఇంకొక సంగతి: బొంబాయి హైకోర్టు 2006లో ఆమోదించిన పథకం ప్రకారం ధర్మాదాయ ట్రస్టుల ఆస్పత్రులు నూటికి 10 పడకలు నిరుపేదలకు ఉచితంగా, మరో 10 పడకలు బలహీన వర్గాలకు రాయితీపై కేటాయించాలి. అడిగితేనే దొరుకుతాయి. ఆస్పత్రిలోని సోషల్ వర్కరును కలిసి, ఆదాయ పత్రం చూపించి అడగండి. ఇది మన హక్కు. మొహమాటపడకండి.

ఆఖరుగా ఒక హెచ్చరిక. జ్వరంతో పాటు తుంటి నొప్పి వచ్చి, కాలు నేల మీద మోపలేకపోతే, ముఖ్యంగా పిల్లల్లో, తెల్లవారేదాకా ఆగకండి. కీలులో చీము చేరితే మృదులాస్థి త్వరగా పాడైపోతుంది. జ్వరం లేకపోయినా గజ్జలో నొప్పి, కుంటు రెండు మూడు వారాలు దాటితే కట్టు కట్టించి కూర్చోకుండా ఎక్స్‌రే తీయించండి.

విద్యార్థులారా, ట్రస్టు ఇచ్చిన చెక్కుతో పుస్తకాలు కొనుక్కోండి, ఫీజు కట్టుకోండి. కాని పక్కగదిలోని పెద్దమ్మ ఆస్పత్రి కాగితం పట్టుకుని వస్తే అయిదు నిమిషాలు కూర్చుని చదివి, తెలుగులో చెప్పండి. తెలియని మాట ఉంటే డాక్టరును ఎలా అడగాలో చీటీ మీద రాసి ఇవ్వండి. మీ చదువు ఫలం మీ ఇంటితోపాటు మన చాల్‌కూ అందాలి.