కావలివాడి కూడు ఎంత?



బళ్ళారి వైపు బడుల్లోనైనా, ఆఫీసుల్లోనైనా ఇంటర్నెట్ మందగించిన రోజున ఒక మాట వినబడుతుంది. "నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే ఆ సాఫ్ట్‌వేరే లైనంతా తినేస్తోంది, తీసి పారెయ్యండి" అని. కంచే చేను మేస్తోందన్న నింద అన్నమాట! మనం కావలి అంటాం, కన్నడిగులు కావలు అంటారు. ఏ భాషలోనైనా కావలివాడికి కూడు పెట్టక తప్పదు. ఆ కూడు ఎంతో లెక్క వేద్దాం. పలకా బలపం చాలు.

యంత్రం బతికి ఉందా అని పలకరించడాన్ని పింగ్ అంటారు. లినక్స్‌లో మామూలుగా ఒక పింగ్ 84 బైట్లు, జవాబు మరో 84. బైటుకు 8 బిట్లు. యాభై యంత్రాలను నిమిషానికోసారి పలకరిస్తే సెకనుకు 1,120 బిట్లు. 10 మెగాబిట్ల లైనులో ఇది తొమ్మిదివేలో వంతుకు దగ్గర.

తరువాతిది ఎస్.ఎన్.ఎం.పి. పద్ధతి. స్విచ్‌ను "ఈ పోర్టులో ఎన్ని బైట్లు పోయాయి?" అని అడగడం. 24 పోర్టులు, పోర్టుకు 10 ప్రశ్నలు, ప్రశ్నకు నూరు బైట్లు, జవాబుకు నూరు అనుకోండి. అయిదు నిమిషాలకోసారి అడిగితే రాకపోకలు కలిపి సెకనుకు 1,280 బిట్లే. అదే ప్రతి సెకనూ అడిగితే? మూడువందల రెట్లు! అలాంటి స్విచ్‌లు ఎనిమిదింటిని 2 మెగాబిట్ల లైను అవతలినుంచి అడిగితే, ఒక్కో దిక్కున ముప్పాతిక వంతు ప్రశ్నలకూ జవాబులకే సరి. నింద నిజమయ్యేది ఇక్కడే. తప్పు కావలివాడిది కాదు, సెకనుకోసారి కేకవేయమన్నవారిది.

అలాగని గంటకోసారి అడిగినా చిక్కే. పాత 32 బిట్ల లెక్కపెట్టె, 100 మెగాబిట్ల లైను నిండుగా నడిస్తే, ఆరు నిమిషాల లోపే నిండి మళ్ళీ సున్నాకు వస్తుంది. ఆ మధ్య లెక్క గల్లంతు.

1994లో టోబియాస్ ఓటికర్ పనిచేసే చోట బయటి ప్రపంచానికి ఉన్నది ఒకే 64 కిలోబిట్ల లైను. దాని రద్దీని గీతలుగా చూపే చిన్న ప్రోగ్రాం రాశాడాయన. 1995లో విడుదలైన ఎం.ఆర్.టి.జి. అదే. అయిదు నిమిషాలకోసారి అడగడం దానికి అలవాటు. లోపలికెంత, బయటికెంత అన్న రెండే ప్రశ్నలకు, మన లెక్కన, సెకనుకు 11 బిట్లు. అంత సన్నని లైనుకూ అది బరువు కాదు.

బరువైనవి వేరే. వచ్చీపోయే ప్రతి ప్యాకెట్టుకూ నకలు తీసి లైను మీదుగా పంపితే, అసలెంతో నకలూ అంతే. కంప్యూటర్ గదిలో పిల్లల తెరలన్నీ మేష్టారి తెరపై చూపే సాఫ్ట్‌వేర్ కూడా బొమ్మలను మోస్తుంది. కాని అది గదిలోని తీగల మీదే తిరిగితే బయటి లైనుకు సోకదు.

కాబట్టి తీసెయ్యమనే ముందు మీ టెక్నీషియన్‌ను అడగండి. ఎన్నాళ్ళకోసారి అడుగుతోంది? కావలివాడు లైనుకు ఇవతల ఉన్నాడా, అవతల ఉన్నాడా? అవతల ఉంటే ఇవతలికి తెచ్చి, సారాంశం మాత్రం పంపమనండి. సాఫ్ట్‌వేర్‌ను తీసేస్తే, సొమ్ము కట్టిన వేగం రావడం లేదని లైను ఇచ్చినవారిని నిలదీయడానికి మీ చేతిలో ఆ గీతల కాగితం కూడా మిగలదు.

సెలవు.